ఎడమ చేతికి నీలం మూత

మా చాల్‌కి, అంటే కూలీలుండే ఈ గదుల మేడకి, సైన్సు వచ్చింది మిల్లుల సమ్మె మరుసటి ఏడాది. దాన్ని తీసుకొచ్చిన పుణ్యాత్ముడు శంకర్రావు. పై అంతస్తు కొళాయి బాగుచేయించమని ఏళ్ళ తరబడి అడిగినా చెవిన పెట్టనివాడు, దాదర్‌లో తెలుగువాళ్ళ సభకు వెళ్ళి, అతిథిగా వచ్చిన ఒక డాక్టరు పక్కన కూర్చుని ఉప్మా తిని, ఆ డాక్టరును వెంటబెట్టుకొచ్చాడు. కొళాయి మాత్రం ఇప్పటికీ కారుతూనే ఉంది.

శంకర్రావు మా కామాటిపుర తెలుగు సంఘానికి సెక్రెటరీ. సంఘంలో ఇంకా ఎవరెవరున్నారని అడగకండి, ఆయన నొచ్చుకుంటాడు. నేను తారాబాయిని. మా తాత పాలమూరు నుంచి ఈ ఊరికి రాళ్ళు మొయ్యడానికొచ్చాడు. ఆయన మోసిన రాళ్ళతో సగం బొంబాయి లేచిందని మా నాన్న మురిసిపోయేవాడు. అందులో ఒక్క గది కూడా మా పేరున లేదని మా అమ్మ గుర్తుచేసేది. కింది ఖోలీలో, అంటే కింది గదిలో, నేను ఖానావళి నడుపుతాను. కూలికి పోయేవాళ్ళకి రొట్టె, పప్పు కట్టిస్తాను. వద్దన్నా వినకుండా నాలుగు మాటలు కూడా కట్టిస్తాను, దానికి పైసలు తీసుకోను.

డాక్టరు పేరు సబ్నీస్. పెద్ద దవాఖానాలో చర్మరోగాల డాక్టరు. సిమెంటు పనివల్ల చేతులు చెడినవాళ్ళు ఆయనకు కావాలి. మా పై అంతస్తుల నిండా పాలమూరు నుంచి ఈ కొన్నేళ్ళలో వచ్చిన కూలీలే. గ్యాలరీలో వాళ్ళను వరసగా నిలబెట్టి చేతులు చాపమన్నాడు. చర్మం మొద్దుబారి, పగిలి, రసి కారుతున్న ఆ చేతుల్ని చూసి ఆయన మొహం పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది. ఇన్నేళ్ళలో మా వాళ్ళ చేతులు చూసి అంత సంతోషపడ్డ మనిషిని నేను చూడలేదు.

అందరికన్నా ఎక్కువ సంతోషపెట్టింది నర్సమ్మ. ఈ పిల్ల, దీని మొగుడు సైదులు రెండో అంతస్తులో ఉంటారు. అతను మేస్త్రీ దగ్గర పని చేస్తాడు, ఇది తట్టలో సిమెంటు మాలు మోస్తుంది. పచ్చి సిమెంటు తినేసి దాని రెండు చేతులూ మణికట్టు దాకా పుండ్లయ్యాయి. చేతుల బాధ అది ఎట్లాగో పడేది. పడలేనిది ఇంకొకటి. దానికి యాదమ్మ అని ఏడాదిన్నర కూతురుంది. ఊరి నుంచి వచ్చిన నర్సమ్మ అత్త లచ్చమ్మ ఆ చేతులను చూసి, ఇది పెద్దరోగమే, కుష్ఠే అని తీర్పు చెప్పేసి, సిమెంటు పుండ్లే అని కోడలు ఎంత పోట్లాడినా వినకుండా, పిల్లను ముట్టనివ్వడం మానేసింది. తినిపించేది, కడిగేది, పడుకోబెట్టేది అంతా తనే. పైగా దసరా పోగానే పిల్లను ఊరికి తీసుకుపోతానంది.

"నీ చేతులు మంచిగైతే పిల్ల ఈడనే ఉంటది. లేకుంటే నా ఎంబడి వస్తది. గంతే," అంది లచ్చమ్మ.

నర్సమ్మ మొదటి కొడుకు కూడా ఇట్లాగే ఊరికి పోయి ఈ నాయనమ్మ దగ్గరే పెరిగాడు, ఇప్పుడు తాత దగ్గరున్నాడు. కిందటేడు ఇది ఊరికి పోతే వాడు గుమ్మంలో నిలబడి, "అవ్వా, బొంబాయామె వచ్చింది," అని కేకేశాడట. నాకు ఆ మాట చెప్పిన రోజు నర్సమ్మ నా పొయ్యి మీద తట్టెడు రొట్టెలు కాల్చి ఒక్కటీ తినకుండా పోయింది. అందుకే డాక్టరు చెయ్యి చాపమనగానే అందరికన్నా ముందు చాపింది.

సైన్సు ఎట్లా చేస్తారో డాక్టరు సాబు మాకు మరాఠీలో చెప్పాడు, శంకర్రావు దాన్ని తెలుగు చేశాడు. శంకర్రావు తెలుగు ఎవరికీ అర్థం కాకపోతే నేను మళ్ళీ తెలుగు చేశాను. ఒక్కొక్కరికి రెండు ట్యూబులు. ఎర్ర మూతది ఒక చేతికి, నీలం మూతది రెండో చేతికి. ఒకటి ఎప్పటినుంచో ఉన్న పాత మలాము, రెండోది ఏదో కంపెనీ కొత్తగా చేసింది. ఏ చేతికి ఏది అనేది చీటీ తీసి ముందే నిర్ణయించారు. ఒక మనిషినీ ఇంకో మనిషినీ పోల్చడం కన్నా ఒకే మనిషి రెండు చేతుల్ని పోలిస్తే తేడా తేటగా తెలుస్తుందట. ఏ మూతలో ఏ మందుందో ఆయనకే తెలియదట. తెలిస్తే చూసే కన్ను మోసపోతుందట.

లచ్చమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఏం మందిస్తున్నడో గా డాక్టర్‌కే ఎరుకలేదా? మా ఊరి మంత్రగాడు నయం గదనే, ఎరుకైనట్టన్న చేస్తడు!"

నేను దాన్ని మరాఠీ చెయ్యలేదు.

కట్టుబాట్లు కూడా చెప్పాడు. ట్యూబులు తారుమారు చెయ్యొద్దు. పసుపు, వేపనూనె ఏదీ రాయొద్దు. అయిపోయిన ట్యూబులు తిరిగి తేవాలి. మా వాళ్ళంతా గంగిరెద్దుల్లా తలలూపారు. పెద్దమనిషి ఏం చెప్పినా తల ఊపడం మా వాళ్ళకు ఉగ్గుపాలతో పెట్టిన విద్య. ఊపిన తలకూ తర్వాత చేసే పనికీ చుట్టరికం లేదని పాపం డాక్టరుకు ఎవరు చెప్తారు?

దవాఖానాకు నర్సమ్మను నేనే తీసుకుపోయేదాన్ని. ఫాక్‌లాండ్ రోడ్ మీద బస్సెక్కేవాళ్ళం. అక్కడ డాక్టరు ఒక భూతద్దంతో చేతులు చూసి, ఎరుపెంత, మందమెంత, పగుళ్ళెంత అని ఒక్కోదానికి మార్కులు వేసేవాడు. మా పిల్లలకు బళ్ళో కూడా అంత శ్రద్ధగా ఎవరూ మార్కులు వెయ్యలేదు. ఆ తర్వాత ఒక కాగితం మీద అడ్డంగా గీసిన గీత చూపించేవాడు. ఈ కొస అంటే దురద అసలు లేదు, ఆ కొస అంటే భరించలేనంత. ఎక్కడుందో వేలు పెట్టమనేవాడు.

నర్సమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాయీ, దురద చేతి మీదుంటది గాని గీత మీద ఏడుంటది?" అంది.

"ఆయన కోసం ఎక్కడో ఒక కాడ వేలు పెట్టవే, బస్సు టైమైతుంది," అన్నాను.

అది నడిమధ్య పెట్టింది. ఎవరినీ నొప్పించని పిల్ల.

కొన్ని వారాలకు సంగతి బయటపడింది. ఎర్ర మూత రాసిన చెయ్యి ఎక్కడున్నది అక్కడే ఉంది. నీలం మూత రాసిన చెయ్యి మాత్రం పుండ్లు మాని, పొలుసు రాలి, కొత్త చర్మం వేసింది. చాల్ మొత్తంలో అదే కథ. చూడ్డానికి భూతద్దం కూడా అక్కర్లేదు. నర్సమ్మకు నీలం పడింది ఎడమ చేతికి.

లచ్చమ్మ ఆ ఎడమ చేతిని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "సరే, ఈ చేత్తోని పిల్లను ఎత్తుకో," అని అనుమతి ఇచ్చింది. కుడి చెయ్యి మాత్రం కొంగులో దాచుకోవాలి. నర్సమ్మ ఒంటి చేత్తో పిల్లను చంకనేసుకుని, గ్యాలరీ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఊరేగింది. అమ్మలక్కలంతా నవ్వారు. నాకు కళ్ళు చెమర్చాయి, పొయ్యి పొగ మీదికి నెట్టేశాను.

మధ్యాహ్నం అది పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మంచి చెయ్యి అదే కదా అని, ఎడమ చేత్తో పప్పన్నం ముద్ద చేసింది. లచ్చమ్మ చటుక్కున ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"ఎడమ చేత్తోని బువ్వ పెడ్తవా? కడుక్కునే చేత్తోని? సిగ్గు లేదా?"

"కుడిది వద్దంటివి గదత్తా."

"కుడిదానికి రోగముంది."

"మరి ఏ చేత్తోని పెట్టాలె?"

"నేను సచ్చిన్నా? నేను పెడ్త."

నర్సమ్మ అట్లాగే కిందికి దిగి నా పొయ్యి దగ్గర కూలబడింది. "బాయీ, గా డాక్టర్ మతి లేనోడా? బువ్వ పెట్టే చెయ్యి ఇడ్సిపెట్టి కడుక్కునే చేతికి మంచి మందిచ్చిండు!"

చీటీలో అట్లా వచ్చిందని చెప్పాను. అది నా మొహంలోకి చూసింది, చీటీలో వచ్చిన మాటను ఇంత పెద్దదాన్ని నేనెట్లా నమ్మానని. ఆ సాయంత్రానికి నీలం మూత రెండు చేతులకీ ఎక్కింది.

అది ఒక్కటే చేసిందనుకునేరు! పై అంతస్తుల్లో ప్రతి ఒక్కరూ అదే చేశారు, సైదులుతో సహా. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎవరికి వాళ్ళకే తోచింది. రెండు చేతులూ మనవే అయినప్పుడు ఒక కంట వెన్న, ఒక కంట సున్నం ఎవడు పెట్టుకుంటాడండీ? చదువుకున్నవాళ్ళకే వస్తాయి అట్లాంటి ఆలోచనలు. ఇక ఎర్ర ట్యూబులు ఖాళీగా తిరిగివ్వాలి కదా. ముసలాళ్ళ మడమలకు కొంత పోయింది, తలుపు బందులకు కొంత. నా కిరసనాయిలు స్టవ్వు పంపుకు నర్సమ్మ ఒక ట్యూబు పిండింది. ఆ స్టవ్వు జన్మలో అంత సాఫీగా నడవలేదు. మందులో గుణం లేదని నేనెట్లా అనగలను?

నర్సమ్మ కుడి చెయ్యి కూడా మానింది. ఆ రోజు లచ్చమ్మ కంచం తెచ్చి కోడలి ముందు పెట్టింది. నర్సమ్మ కుడి చేత్తో పప్పన్నం పిసికి, ముద్ద చేసి, పిల్ల నోటికి అందించింది. యాదమ్మ ముద్దతో పాటు వేళ్ళు కూడా చప్పరించింది. నర్సమ్మ ఏడుస్తూ నవ్వింది. దసరా పోగానే తను ఒక్కతే ఊరికి పోతానని లచ్చమ్మ అందరికీ చెప్పింది.

ఆఖరి పరీక్షకు డాక్టరు మా వాళ్ళ చేతుల్ని జంటలు జంటలుగా ఫొటోలు తీశాడు. కుడి ఎడమలు రెండూ నిగనిగలాడుతున్నాయి. మార్కులన్నీ సరిసమానం. మధ్యలో నీలం ముందున్నా ఆఖరి మార్కులే లెక్కట. పిప్పి చేసిన ఎర్ర ట్యూబులు చూసి, ఇంత క్రమశిక్షణ గల పేషెంట్లను తన సర్వీసులో చూడలేదని మెచ్చుకున్నాడు. మా చాల్ ముంగిట్లో సభ పెట్టి శంకర్రావుకు శాలువా కప్పాడు. "మీ చేతులు సైన్సుకు సేవ చేశాయి. రెండు మలాములకూ ఏ తేడా లేదని తేలింది. పాతదీ కొత్తదీ ఒకటే," అన్నాడు. చప్పట్లు కొట్టారు. మా వాళ్ళకు చప్పట్లు కొట్టడానికి ఇప్పుడు రెండు మంచి చేతులున్నాయి మరి. ఇక దానివల్ల లాభం లేదని కంపెనీవాళ్ళు నీలం మూతల్ని వెనక్కి తీసుకుపోయారు.

ఆ తర్వాత ఏమవుతుందో చెప్పడానికి సబ్నీస్ అక్కర్లేదు. నర్సమ్మ రోజూ సిమెంటులోనే చేతులు పెట్టాలి, రాయడానికి నీలం మూత లేదు. దసరా దగ్గర పడుతుండగా ముందు వేళ్ళ సందుల్లో ఎర్రబడింది, ఆపైన పగిలింది, ఆపైన రసి కారింది. లచ్చమ్మ కంచం తన ముందుకు లాక్కుంది.

ఈసారి దవాఖానాకు లచ్చమ్మ కూడా వచ్చింది. డాక్టరు ఎర్ర మూత ట్యూబు, అదే ఆ పాత మలాము, చేతిలో పెట్టాడు. నీలం కావాలని నర్సమ్మ అడిగింది.

"రెండూ ఒకటేనమ్మా. నీ చేతులే దానికి సాక్ష్యం," అన్నాడు డాక్టరు, ఫొటో కూడా చూపించాడు.

నర్సమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చెప్పు బాయీ. నీలందే రెండు చేతులకు పెట్టిన అని చెప్పు. ఎర్రది నేను పెట్టనే లేదు. అందరం గట్లనే చేసినం. తప్పైంది, కాళ్ళు మొక్కుత అని చెప్పు."

ఒక్క మాట పోకుండా మరాఠీలో చెప్పాను. డాక్టరు మొహం సున్నం కొట్టినట్టయింది. మందు కావాలంటే పేషెంట్లు ఏమైనా చెప్తారని ముందు అన్నాడు. తర్వాత ఆలోచించి, ఆదివారం స్వయంగా చాల్‌కి వచ్చి అందరినీ అడుగుతానన్నాడు. న్యాయంగా ఒప్పుకోవాలి, మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని, కడుపు చల్లబడేది.

ఆదివారం డాక్టరు కన్నా ముందు శంకర్రావు పై అంతస్తులన్నీ తిరిగొచ్చాడు. శాలువా ఇంకా భుజాన ఉంది, అక్టోబరు ఎండలో. "సర్కారు దవాఖానా మందు తలుపులకు పూసిన్రని తెలిస్తే సీదా లోపలేస్తరు. చెప్పినట్టే పెట్టినం అనున్రి, చాలు," అని పాఠం నేర్పాడు.

మళ్ళీ గ్యాలరీలో వరస. మళ్ళీ చేతులన్నీ పుండ్లు. డాక్టరు ఒక్కొక్కరినీ మర్యాదగా అడిగాడు.

"చెప్పినట్టే పెట్టినం సాబ్."

"మీరు చెప్పినట్టే సాబ్."

వరసలో సైదులు వంతు వచ్చింది. నర్సమ్మ పిల్లను ఎత్తుకున్న అత్త పక్కన నిలబడి మొగుడి వైపే చూస్తోంది. సైదులు తల ఎత్తలేదు. "చెప్పినట్టే పెట్టిన సాబ్. ఎర్రది ఎర్ర చేతికే," అన్నాడు. ఎర్ర చెయ్యి ఏమిటో, వాడి మొహం!

నాకు ఒళ్ళు మండిపోయింది. కిందికి దిగి స్టవ్వు ఎత్తుకొచ్చి డాక్టరు కాళ్ళ దగ్గర పెట్టాను. "వాసన చూడు సాబ్! నీ మందు దీని పంపులో ఉంది!" డాక్టరు పాపం నిజంగానే వంగి వాసన చూశాడు. కిరసనాయిలు వాసన తప్ప ఏముంటుంది? అందరూ నవ్వారు. అబద్ధమాడిన వాళ్ళంతా మర్యాదస్తులయ్యారు, నిజం చెప్పిన నర్సమ్మ దొంగయింది, నేను స్టవ్వు మోసిన పిచ్చిదాన్నయ్యాను.

డాక్టరు లచ్చమ్మ వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. ఇది పెద్దరోగం కాదు, అంటుకోదు, సిమెంటువల్ల వస్తుంది, సిమెంటు ముట్టకపోతే తగ్గుతుంది, ఇంతకన్నా మంచి మలాము ప్రస్తుతానికి లేదు అన్నాడు. సిమెంటు ముట్టకుండా ఏం తినాలో చెప్పలేదు, అది ఆయన శాఖ కాదు. ఇంత మాటను శంకర్రావు తెలుగులో ఒక్క ముక్కకు కుదించాడు: "దీనికి మందు లేదంట."

"అంటుకోదన్నడు! అది చెప్పవేం?" అని అరిచాను. అప్పుడే స్టవ్వుతో నవ్వులపాలైనదాని మాట ఎవరు వింటారు? లచ్చమ్మ అప్పటికే లోపలికి పోయి పిల్ల బట్టలు మూట కడుతోంది.

బస్సు ఎక్కే రోజు మధ్యాహ్నం వాళ్ళ ఖోలీకి పప్పన్నం కలుపుకుని పోయాను, దారిలో పిల్లకు ఏం దొరుకుతుందో ఏమో అని. లచ్చమ్మ ముద్ద పెడితే యాదమ్మ మొహం తిప్పేసుకుంది. గోడ వారన కూర్చున్న తల్లి వైపే చూస్తోంది. నర్సమ్మ రెండు చేతులకూ పాత చీర పేలికలు చుట్టుకుని ఉంది. సైదులు గుమ్మంలో నిలబడి గోరు కొరుక్కుంటున్నాడు. వాడితో నర్సమ్మ ఆదివారం నుంచి మాట్లాడలేదు.

నాకు ఆగలేదు. "చెంచాతో పెట్టనియ్యవే లచ్చమ్మా. చెంచాకు రోగముండదు గదా," అన్నాను.

లచ్చమ్మ పిల్లను కోడలి ముందు దింపింది. నర్సమ్మ పేలికల చేత్తో చెంచా పట్టుకుని అన్నం అందించింది. యాదమ్మ చెంచాను తోసేసింది. పేలిక అంచు పట్టి లాగింది, ఇంకా లాగింది, వేళ్ళు బయటపడ్డాయి. ఆ పగిలిన వేళ్ళను చూసి నోరు బార్లా తెరిచి కూర్చుంది.

 లచ్చమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "పెట్టే, నర్సీ. ఒక్క బుక్క. నీ చేత్తోనే పెట్టు," అంది. ఆ మాట కోసం ఎన్ని నెలలు చూశాం! నేను గబగబా కంచం దగ్గరికి జరిపాను.

నర్సమ్మ కంచం వైపు చూసింది. తెరిచిన ఆ చిన్న నోరు చూసింది. ఇది సిమెంటే బాయీ, రోగం కాదు అని నాతో మొత్తుకున్న పిల్ల, అత్తతో పోట్లాడిన పిల్ల, రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది.

"వద్దత్తా, నువ్వే పెట్టు. మందు లేదన్నరు గద. పిల్లకేమన్న అయితే?"